పదిహేడు అక్షరాలు

1916 డిసెంబరు, క్రిస్మస్ ముందటి రోజులు. బెర్లిన్‌లో నాలుగు కాకుండానే పొద్దు గుంకుతోంది. జర్మన్ పార్లమెంటు భవనం రైష్‌టాగ్ ముందు నిలబడి తలెత్తి చూడండి. ఆరు లావుపాటి స్తంభాలు, వాటి మీద రాతి పట్టీ, దాన్ని ఆనుకుని కట్టిన పరంజా. పనివాళ్ళు కంచు అక్షరాలను ఒక్కొక్కటిగా రాతికి బిగిస్తున్నారు. ఒక్కో అక్షరం 60 సెంటీమీటర్ల ఎత్తు.

మన పక్కనుంచి ఒకావిడ సంచీని ఛాతీకి హత్తుకుని గబగబా పోతోంది. సంచీలో ఉన్నది దుంప. బంగాళాదుంప కాదు, ఆ పంట ఈ ఏడు కుళ్ళిపోయింది. సముద్రం మీద బ్రిటిష్ నౌకలు కాపు కాసి బయటినుంచి గింజ రానివ్వడం లేదు. మామూలు రోజుల్లో పశువుల తొట్టిలో పడే ముతక దుంపనే ఈ ఊరు రెండుపూటలా తింటోంది. రొట్టెపిండిలో అదే, జామ్‌లోనూ అదే. ఈ చలికాలానికి జర్మన్ల చరిత్రలో దుంప శీతాకాలమనే పేరు నిలిచిపోయింది. ఆవిడ తలెత్తి చూడదు. కడుపు కాలుతున్న మనిషికి కంచు అక్షరాలతో ఏం పని?

అక్షరాలు పదిహేడు. డెమ్ డాయ్‌చెన్ ఫోల్కె. దీన్ని తెలుగు చెయ్యబోతే మూడో మాట దగ్గర నా కలం ఆగుతుంది. 'జర్మన్ ప్రజలకు' అనవచ్చు, 'జర్మన్ జాతికి' అనీ అనవచ్చు. ఫోల్క్ అన్న మాట రెంటికీ సరిపోతుంది. ప్రజలంటే ఓటేసేవాళ్ళు, పన్ను కట్టేవాళ్ళు, క్యూలో నిలబడేవాళ్ళు. జాతి అంటే మాట నెత్తురు దాకా వెళుతుంది. మనకు మాత్రం తక్కువా, జెండా వందనం నాడు జాతి అంటే ఒకటి, పెళ్ళిసంబంధం వెతికేటప్పుడు జాతి అంటే ఇంకొకటి. కాబట్టి ఇప్పుడే తెలుగు చెయ్యను. ఫోల్క్ అనే ఉంచుతాను. ఈ మాట ఎవరి నోట ఏమవుతుందో చూసి అప్పుడు చెబుదాం.

ఆ రాతి పట్టీ 22 ఏళ్ళు ఖాళీగా ఉంది. ఎందుకో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి, అదీ బెర్లిన్‌కు కాదు.

1871 జనవరి 18. పారిస్ పక్కన వెర్సాయ్ కోట, అద్దాల మందిరం. ఒక పక్క 17 కిటికీలు, ఎదురుగా 17 అద్దాల తోరణాలు. ఇక్కడా పదిహేడే, అంకెకు అర్థమేమీ లేదు, కంటికి తగిలింది కాబట్టి చెప్పాను. పైకప్పు మీద పద్నాలుగో లూయీ విజయాల చిత్రాలు. వాటి కింద బూట్లు కిర్రుమంటూ వందలమంది జర్మన్ అధికారులు నిలబడి ఉన్నారు. ఓడిన రాజ్యపు కోటలో, ఆ రాజ్యపు అద్దాల్లో తమ ముఖాలు చూసుకుంటూ కొత్త సామ్రాజ్యానికి పేరు పెట్టుకోవడం ఆనాటికి ఎంత తియ్యగా ఉందో తెలియదు గాని, దాని బాకీ మాత్రం తర్వాత తీర్చవలసి వచ్చింది.

జనంలో దూరి ముందుకు వెళదాం. మీసాలాయన ప్రష్యా ప్రధానమంత్రి బిస్మార్క్, ప్రకటన చదువుతున్నాడు. ఇన్నేళ్ళ పన్నాగం, మూడు యుద్ధాలు, అన్నీ ఫలించిన ఘడియ. గొంతులో మాత్రం ఏ ఊపూ లేదు. పక్కన ప్రష్యా రాజు విల్హెల్మ్ ముఖం ముడుచుకుని ఉన్నాడు. నిన్నటిదాకా ఇద్దరికీ బిరుదు దగ్గర తగువు. 'జర్మనీ చక్రవర్తి' కావాలని రాజు. అలా అంటే దక్షిణాది రాజులు మా నేల కూడా నీదా అంటారు, 'జర్మన్ చక్రవర్తి' అనిపించుకోండి చాలునని మంత్రి. చివరికి జయజయధ్వానం చెయ్యవలసిన బాడెన్ ప్రభువు రెండూ వదిలేసి 'చక్రవర్తి విల్హెల్మ్' అని గట్టెక్కించాడు. వేదిక దిగి వస్తూ చక్రవర్తి అందరికీ చెయ్యి కలిపి బిస్మార్క్‌ను మాత్రం దాటుకుని పోయాడు. బవేరియా రాజు అసలు రానేలేదు. ఈ చక్రవర్తిత్వాన్ని కోరుతూ ఉత్తరం మీద సంతకం చేసినందుకు ఆయనకు బిస్మార్క్ రహస్యంగా డబ్బు ముట్టజెబుతున్నాడు.

ఇక్కడ యువరాజులున్నారు, సేనానులున్నారు, పటాలాల జెండాలున్నాయి. ప్రజలెన్నుకున్న వాళ్ళేరీ? నెల కిందట వచ్చి వెళ్ళారు. కిరీటం స్వీకరించమని పార్లమెంటు తరఫున అడగడానికి వస్తే, ముందు రాజులు అడగాలి, వాళ్ళు అడిగాకే మీరు అని కూర్చోబెట్టారు. ఫోల్క్ పేరుతో మొదలైన సంబరంలో ఫోల్క్‌ది పిలవని పేరంటం. కిటికీల అవతల, కొన్ని మైళ్ళ దూరంలో, ముట్టడిలో ఉన్న పారిస్ జనం ఎలుకల్ని తింటున్నారు. జంతుప్రదర్శనశాలలోని ఏనుగులు అప్పటికే వంటశాలకు వెళ్ళిపోయాయి.

ఫ్రాన్స్ మీద పడిన జరిమానా 500 కోట్ల ఫ్రాంకులు. బెర్లిన్‌లో రైష్‌టాగ్ భవనం లేచింది ఆ సొమ్ముతోనే. వాస్తుశిల్పి పాల్ వాలోట్, 1884లో పునాదిరాయి, 1894లో పూర్తి. వాలోట్ గీతల్లో ఆ పదిహేడు అక్షరాలు అప్పుడే ఉన్నాయి. అయితే కొత్త కైజర్ (చక్రవర్తి) రెండో విల్హెల్మ్‌కు ఆ భవనం మీదే కంటగింపు. కోతుల గూడని వెక్కిరించేవాడు. 'జర్మన్ ఐక్యతకు' అని ఆయన వేరే మాట సూచించాడు. ఐక్యత తాతగారు తెచ్చింది, ఫోల్క్ ఎవరు? ఎవరూ తగ్గలేదు, రాయి బోడిగానే ఉండిపోయింది.

1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే కైజర్ మాట మార్చాడు. తనకిక పార్టీలు తెలియవని, జర్మన్లే తెలుసునని ప్రకటించాడు. 4న సభలోని సోషల్ డెమోక్రాట్లు కూడా యుద్ధఖర్చులకు చెయ్యెత్తారు. డిసెంబరులో రెండోసారి డబ్బు అడిగినప్పుడు ఒక్క కార్ల్ లీబ్‌క్నెష్ట్ మాత్రం ఎత్తలేదు. (ఆ నెలల్లోనే ఈ ఊళ్ళో హైదరాబాదులో పుట్టిన ఒక మనిషి తిరుగుతున్నాడు: సరోజినీనాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. బ్రిటన్ శత్రువు మనకు మిత్రుడని నమ్మి, జర్మన్ విదేశాంగశాఖ అండతో బెర్లిన్ కమిటీ నడిపాడు. నాజీలకు ముందే జర్మనీ వదిలి సోవియట్ దేశం చేరి, 1937లో స్టాలిన్ తుపాకులకు బలయ్యాడు.)

సరే, తిరిగి పరంజా కిందికి వద్దాం. రెండేళ్ళ చావులు, ఆకలి, జనం నోట కైజర్ మాట చేదైపోయింది. ఆ పదిహేడు అక్షరాలు పెట్టిస్తే కొంత మనసు మెత్తబడుతుందేమోనని ఎవరో అధికారికి తోచింది. కైజర్ తలూపి, కరిగించుకోమని రెండు ఫిరంగులిచ్చాడు. 1813-15 యుద్ధాల్లో ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కున్నవి. అక్షరాల రూపం గీసింది పీటర్ బెహ్రెన్స్. పోత పోసింది లోవీ అనే యూదు కుటుంబపు కార్ఖానా. జర్మన్ ఫోల్క్‌కు అని మూసలో కంచు పోస్తున్నప్పుడు ఆ అన్నదమ్ములకు అందులో తామూ ఉన్నామా లేమా అన్న అనుమానం రావలసిన పని లేదు. వాళ్ళు బెర్లిన్‌వాళ్ళు, రాచకొలువుకు సరుకు పోసినవాళ్ళు.

1918 నవంబరు 9, శనివారం. మధ్యాహ్నం రెండు కావస్తోంది. రైష్‌టాగ్ భోజనశాలలో సోషల్ డెమోక్రాట్ ఫిలిప్ షైడెమన్ పలచటి బంగాళాదుంప సూపు తాగుతున్నాడు. పార్టీ నాయకుడు ఎబెర్ట్ మరో బల్ల దగ్గర. బయట సముద్రంలా జనం. కైజర్ గద్దె దిగాడని మధ్యాహ్నమే వార్త వచ్చింది. ఇంతలో ఎవరో పరుగున వచ్చారు: అక్కడ రాజభవనం దగ్గర లీబ్‌క్నెష్ట్ సోవియట్ తరహా రిపబ్లిక్ ప్రకటించబోతున్నాడు! షైడెమన్ చెంచా కిందపెట్టి లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి, కాగితం లేదు, తీర్మానం లేదు, ఎవర్నీ అడగలేదు, రాచరికం కూలిందని, రిపబ్లిక్ వర్ధిల్లాలని అరిచాడు. టోపీలు గాల్లోకి లేచాయి. వచ్చి మళ్ళీ సూపు ముందు కూర్చునేసరికి ఎబెర్ట్ ముఖం కందగడ్డలా ఉంది. బల్ల గుద్ది, రిపబ్లిక్ ప్రకటించే హక్కు నీకెవరిచ్చారు, అది రాజ్యాంగసభ తేల్చవలసింది కదా అని కేకలేశాడు. న్యాయానికి ఎబెర్ట్ మాటే సబబు. కాని చరిత్ర ఆ పూట కిటికీ వైపు ఉంది.

రిపబ్లిక్ తన రాజ్యాంగం మొదట్లోనే రాసుకుంది, అధికారం ఫోల్క్ నుంచే పుడుతుందని. ఆడవాళ్ళు కూడా ఓటు వేశారు. అప్పుడైతే నేను తడుముకోకుండా 'ప్రజలు' అని తెలుగు చేసి ఉందును.

తర్వాతి ఏళ్ళను త్వరగా దాటదాం. 1919 జూన్ 28న అదే అద్దాల మందిరంలో ఓడిన జర్మనీతో శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టించారు, ఈసారి ముఖాలు ఛిద్రమైన ఐదుగురు ఫ్రెంచి సైనికుల్ని ఎదురుగా నిలబెట్టి. 1923 నవంబరులో ఒక డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు. తర్వాత కాస్త ఊపిరి, ఆపైన 1929 అమెరికా పతనం, 60 లక్షలమంది నిరుద్యోగులు. 1928లో హిట్లర్ పార్టీకి సభలో 12 సీట్లు, 1930లో 107, 1932 జూలైలో 230. అదే ఏడు నవంబరులో 196కు తగ్గాయి. గాలి పోతోందని చాలామంది అనుకున్నారు. ముసలి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చుట్టూ ఉన్న దొరలు హిట్లర్‌ను మన పిడికిట్లో పెట్టుకుందామని లెక్క వేసి, 1933 జనవరి 30న ఛాన్సలర్ కుర్చీలో కూర్చోబెట్టారు. పాముకు పాలు పోసినవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఇక్కడ పీట వేసి మరీ పోశారు.

ఇక ఆగి చూడవలసిన రాత్రి. 1933 ఫిబ్రవరి 27, సోమవారం, తొమ్మిది దాటింది. ఎముకలు కొరికే చలి. రైష్‌టాగ్ ముందు మైదానంలో మనం తప్ప ఒకరిద్దరే. అద్దం పగిలిన చప్పుడు. కిటికీ వెనక చిన్న వెలుగు ఒక గదినుంచి ఇంకో గదికి పరుగెడుతోంది, ఎవరో కాగడా పట్టుకున్నట్టు. పోలీసులు లోపలికి దూరారు. సభామందిరంలో తెరలు అంటుకున్నాయి, తర్వాత కర్ర బల్లలు, ఆ తర్వాత గాజు గుమ్మటం కిందనున్న గాలంతా ఒక్కసారి భగ్గుమంది. గుమ్మటమే పొగగొట్టమైపోయింది. లోపల బిస్మార్క్ పేరు పెట్టిన హాల్లో ఒక కుర్రాడు దొరికాడు. ఒంటిమీద చొక్కా లేదు, దానితోనే నిప్పంటించాడు. పేరు మరీనస్ వాన్ డెర్ లూబ్బె, వయసు 24, హాలెండు తాపీపనివాడు. సున్నం పడి కళ్ళు సగం పోయాయి.

పదిన్నర కాకుండానే కార్లు వచ్చాయి. గోరింగ్, హిట్లర్, గోబెల్స్. మంటల వెలుగులో హిట్లర్ ముఖం చూడండి. ఇది కమ్యూనిస్టుల తిరుగుబాటు, ఇక దయాదాక్షిణ్యాలుండవని అరుస్తున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి సామెత మనకుంది. ఇతను అడిగింది చుట్టకు కాదు, ఊరికి. ఆ కుర్రాడు ఒక్కడే చేశాడా, వెనక ఎవరైనా ఉన్నారా అని చరిత్రకారులు ఇప్పటికీ తగువాడుకుంటున్నారు. నన్నడిగితే నిప్పు పెట్టినవాడికన్నా చలి కాచుకున్నవాడి సంగతే ముఖ్యం. తెల్లవారి హిండెన్‌బర్గ్ చేత సంతకం పెట్టించిన ఉత్తర్వు చాలు చూడ్డానికి: పత్రికలు, సభలు, ఉత్తరాలు, టెలిఫోను, ఇంటి గడప, ఏదీ మన సొంతం కాదు. వారంట్ లేకుండా వేలమందిని పట్టుకుపోయారు. ఆ ఉత్తర్వు పేరు 'ఫోల్క్, రాజ్యాల రక్షణ కోసం'. కుర్రాణ్ణి 1934 జనవరిలో గిలెటిన్ కింద పెట్టారు. 2008లో ఆ తీర్పు చెల్లదన్నారు.

బూడిద వాసన ఇంకా పోలేదు. మార్చి 23. సభ ఇప్పుడు మైదానానికి ఎదురుగా ఉన్న క్రోల్ ఒపేరా హాల్లో. రండి, ఈ నడవలోంచే వెళ్ళాలి. రెండు పక్కలా గోధుమరంగు చొక్కాల నాజీ దళంవాళ్ళు గోడ కట్టారు. చట్టం ఇవ్వకపోతే రక్తం చూస్తాం అన్న ధోరణిలో కేకలు. లోపల వేదిక వెనక స్వస్తిక జెండా పైనుంచి కిందిదాకా. మొత్తం 647 మంది సభ్యుల్లో 81 మంది కమ్యూనిస్టుల కుర్చీలు ఖాళీ. కొందరు జైల్లో, కొందరు పరారీలో. సోషల్ డెమోక్రాట్లలో కూడా 26 మంది లేరు.

ఒక్క ప్రసంగం వినండి, చాలు. ఓట్టో వెల్స్, సోషల్ డెమోక్రాట్ల నాయకుడు, బరువైన మనిషి. ఈ పూట ప్రాణాలతో తిరిగి వెళతానన్న నమ్మకం లేక జేబులో విషపుగుళిక పెట్టుకుని వచ్చాడంటారు. గొంతు పెంచలేదు. మా స్వేచ్ఛను, ప్రాణాన్ని తీసుకోగలరేమో, మానాన్ని తీసుకోలేరు అన్న అర్థంలో చెప్పి దిగిపోయాడు. హిట్లర్ ఉరిమినట్టు లేచి బదులిచ్చాడు. కేథలిక్ పార్టీ నాయకులు లిఖితపూర్వకంగా హామీ వస్తుందని ఎదురుచూస్తూనే అవునని ఓటేశారు. అవును 444, కాదు 94. ఆ 94 మందీ వెల్స్ మనుషులే. ఇక సభతో పని లేకుండా హిట్లర్ ప్రభుత్వమే చట్టాలు చెయ్యవచ్చని పార్లమెంటు తన చేత్తో తన పీక కోసుకున్న ఆ చట్టం పేరు తెలుసా? 'ఫోల్క్, రాజ్యాల కష్టాలు తీర్చే చట్టం'.

ఆ తర్వాత ఎక్కడ చూసినా ఫోల్కే. ఫోల్క్ రేడియో, ఫోల్క్ కారు, మరణశిక్షలు విధించే ఫోల్క్ న్యాయస్థానం. 1935 సెప్టెంబరులో సభను న్యూరెంబర్గ్‌లో సమావేశపరచి, జర్మన్ నెత్తురు, దానికి దగ్గరి నెత్తురు ఉన్నవాడే పౌరుడని తీర్మానించారు. తాతల మతం లెక్కపెట్టే పటాలు ఆఫీసు గోడలకెక్కాయి. మాట జాతి వైపు ఒరిగింది కాదు, ప్రజలన్న అర్థాన్ని అందులోంచి తోడి పారేశారు.

క్రోల్ హాల్లో మాత్రం కూటములు జరుగుతూనే ఉన్నాయి. వచ్చేవాళ్ళ పని హిట్లర్ మాట వినడం, చెయ్యెత్తడం, జాతీయగీతం పాడడం. దేశంలో ఇంత ఖరీదైన భజనబృందం మరొకటి లేదని జనం లోగొంతుకలో నవ్వుకునేవారు. 1939 సెప్టెంబరు 1న పోలెండు మీద యుద్ధం మొదలైనట్టు విన్నదీ ఈ భజనపరులే. కాలిన భవనానికి పైకప్పు బాగుచేసి, ఒక దశలో యూదుల మీద విషం కక్కే ప్రదర్శనకు వాడుకున్నారు. ముందున్న విజయస్తంభాన్ని, దాని నడుముకు చుట్టిన బంగారు పూత ఫిరంగులతో సహా పీకి, వేరే చోటికి తరలించారు. 290 మీటర్ల ఎత్తు గుమ్మటంతో ఒక మహామందిరం కడదామని తవ్విన గోతులు నీళ్ళు నిండి ఉండిపోయాయి. యుద్ధం ముదిరాక ప్రసూతి వార్డును రైష్‌టాగ్ నేలమాళిగలోకి దించారు. పైన బాంబులు, కింద నొప్పులు పడుతున్న తల్లులు. ఆ భవనం ఫోల్క్‌కు నేరుగా పనికొచ్చింది అప్పుడేనేమో.

1941 అక్టోబరు 18, గ్రూనెవాల్డ్ స్టేషన్. పొరుగువాళ్ళ కిటికీ తెరల వెనకనుంచి చూపులు. పెట్టెలు మోసుకుని నడిచొచ్చిన వెయ్యిమందికి పైగా బెర్లిన్ యూదులు రైలెక్కుతున్నారు. గమ్యం పోలెండులోని వూచ్ ఘెట్టో. బెర్లిన్ ఒక్క ఊరినుంచే 50 వేలమందికి పైగా అలా వెళ్ళిపోయారు. ఇవాళ అక్కడున్న స్మారకం పేరు 'పదిహేడో ప్లాట్‌ఫాం'. అక్షరాలు పోసిన లోవీ కుటుంబంలోనూ పలువురు ఈ హత్యాకాండకే బలయ్యారు. (అదే ఏడు అదే నగరంలో సుభాష్ బోస్ పక్కన ఇంకొక హైదరాబాదీ ఉన్నాడు, ఆబిద్ హసన్. 'జై హింద్' నినాదం ఆయనదేనంటారు. స్వదేశం కోసం పరదేశంలో ఉన్న ఆ మనుషులకు ఈ రైళ్ళు ఎంతవరకు తెలుసు అన్న ప్రశ్న నన్ను చాలాసార్లు కుదిపింది.)

1945 ఏప్రిల్ 30. మైదానంలో తల ఎత్తకండి. స్ప్రే నది మీద మోల్ట్కె వంతెన దాటి వచ్చిన సోవియట్ సైనికులు మన పక్కనే మట్టిలో పడుకుని ఉన్నారు. ఎదుట నీళ్ళు నిండిన గొయ్యి, హిట్లర్ కలల రాజధాని కోసం తవ్వినదే, ఇప్పుడు రక్షణ కందకమైంది. రైష్‌టాగ్ కిటికీలకు ఇటుకలు పేర్చి తుపాకి కన్నాలు వదిలారు. ఊరంతా కాపలా ఉన్న వాళ్ళలో ఫోల్క్ సేన పేరుతో తెచ్చిన ముసలివాళ్ళు, మీసాలు రాని పిల్లలు. జెండా ఎగిరిందని మధ్యాహ్నమే మాస్కోకు తప్పుడు వార్త వెళ్ళిపోయింది. ఇప్పుడు ఈ కుర్రాళ్ళు ప్రాణాలు పెట్టి ఆ వార్తను నిజం చెయ్యాలి. మూడున్నర ప్రాంతంలో, ఇక్కడికి కిలోమీటరు లోపే, బంకర్లో హిట్లర్ తనను తాను కాల్చుకున్నాడు. ఇక్కడెవరికీ తెలియదు. రాత్రి పది దాటాక చీకట్లో జెండా పైకి చేరింది. నేలమాళిగలో పోరు మే 2 దాకా సాగింది.

ఆ రోజే సోవియట్ ఫొటోగ్రాఫర్ యెవ్‌గెనీ ఖల్దేయ్ లైకా కెమెరాతో పైకెక్కాడు. అతని చేతిలో జెండా మాస్కోలో ఎర్ర టేబుల్‌క్లాత్‌తో కుట్టించి తెచ్చుకున్నది. మనందరం చూసిన ఫొటో అదే. జెండా పట్టుకున్నవాడి కాళ్ళు పట్టుకున్న సైనికుడికి రెండు చేతులకూ గడియారాలున్నాయి. విజేతలు దొంగల్లా కనిపిస్తారని ఒకటి సూదితో గీకేశారు. ఫొటో తీసిన మనిషి యూదుడు, తండ్రిని, తోబుట్టువులను నాజీలు చంపేశారు. కింద గోడల మీద బొగ్గుతో, రంగుసుద్దతో సైనికులు తమ పేర్లు, ఊర్లపేర్లు రాసుకుంటున్నారు. అక్షరాలు రష్యన్‌వి. వాటిలో కొన్ని నేటికీ ఆ గోడల మీదే ఉన్నాయి.

1946 వేసవి. మైదానంలో చెట్టన్నది లేదు, పొయ్యిల్లోకి పోయాయి. కాలిన భవనం ముందు, తుపాకిగుళ్ళు ఏరి పారేసిన నేలను మడులుగా కట్టి బంగాళాదుంపలు వేశారు. మెడ తిప్పితే ఆ రాతి పట్టీ కనబడుతుంది, ఎవరూ తిప్పడం లేదు. ఈ వారం బకెట్లతో నీళ్ళు మొయ్యవలసిన వంతు ఎవరిదని గట్టుమీద ఇద్దరు ఆడవాళ్ళు వాదులాడుకుంటున్నారు.